అమావాస్య లేని కాలు

మా ఊరి బస్టాపు దగ్గర వాడి ఫ్లెక్సీ కట్టారు. రెండు వెదురు బొంగుల మధ్య, మనిషి కన్నా పొడుగ్గా, పసుపు రంగు బనీను వేసుకుని నవ్వుతున్నాడు. కింద చిన్న చిన్న గుండ్రాల్లో ఫ్లెక్సీ కట్టించిన వాళ్ళ ముఖాలు. పద్నాలుగు ఉన్నాయి. అందులో నలుగురు వాడి బనీనును మేకకు తొడిగి ఊరేగించినవాళ్ళు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

వాడి పేరు నేను రాయను. ఫ్లెక్సీ మీద జానెడు అక్షరాలతో ఉంది, కావలసినవాళ్ళు అక్కడ చదువుకోవచ్చు. బతికుండగా చివరి ఏడెనిమిదేళ్ళు ఈ ఊళ్ళో వాణ్ణి ఆ పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు.

జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు, నల్లగొండ దవాఖానలో. ముప్పై ఏళ్ళు నిండలేదు. ఆ కబురు చెప్పడానికి మా గడపకు వచ్చిన ప్రతివాడూ చివర ఒక మాట కలిపాడు: "కాలుకు, దీనికి ఏం సంబంధం లేదవ్వా." నేను అడగలేదు. అడగకముందే చెప్పారు.

నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని. రాయడంలో తప్పులుంటే దిద్దుకొని చదవండి. జరిగిన దాంట్లో దిద్దడానికేమీ లేదు.

మాది మగ్గాలవాడలో చివరి ఇల్లు. ఇంటి వెనుక పొడుగాటి ఖాళీ జాగా ఉంది. పొద్దున అక్కడ పడుగులు సాపేవాళ్ళం. మగ్గానికి ఎక్కించబోయే దారాలను ఈ కొసనుంచి ఆ కొసకు చాచి కట్టి, గంజి పట్టించి, ఆరబెట్టడం. సాయంత్రానికి దారాలు చుట్టేస్తే అదే జాగాలో పిల్లలు సున్నంతో గీతలు గీసి కబడ్డీ ఆడేవాళ్ళు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒకనాడు, పడుగుకు గంజి పెట్టి చేతులు కడుక్కుందామని లోపలికి పోయి వచ్చేసరికి, రెండు గొర్రెలు నా పడుగును నాకుతున్నాయి. గంజి రుచి తగిలిన గొర్రె నాకి ఊరుకోదు, దారాన్ని కూడా నములుతుంది. అది పది రోజుల పని. చేతికందిన కట్టె పట్టుకుని ఉరికాను. నా కన్నా ముందు ఒక పిల్లవాడు ఉరికి వచ్చాడు, పదిహేడు పద్దెనిమిదేళ్ళ వాడు. నడుమెత్తున చాచి ఉన్న దారాల కింద నుంచి దూరి అవతల తేలాడు. ఒకదాని చెవి, ఇంకోదాని వెనక కాలు దొరకబుచ్చుకుని, వచ్చిన దారినే వంగి బయటికి లాక్కొచ్చాడు. ఒక్క దారం కదల్లేదు. నేను కట్టె ఎత్తినదాన్ని ఎత్తినట్టే నిలబడ్డాను.

"కొట్టేదుంటె నన్ను కొట్టవ్వా. గొర్రె సూడిది" అన్నాడు.

"ఎవల పిల్లగానివిరా నువ్వు?"

"గొర్లోళ్ళ గూడెం."

"గొర్లను ఇడిసిపెట్టి కండ్లు ఏడ పెట్టుకున్నవు?"

"నీ పడుగు మీదనే పెట్టిన. గందుకే తెగలే."

నాకు నవ్వు రాదు, మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు కట్టె దించి లోపలికి పోయాను, ముఖం కనబడకుండా. మా పెద్ద కొడుకు పండ్లపుల్ల నోట్లో పెట్టుకుని గోడ దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. నోట్లో పుల్ల తీసి, "పిల్లగా, సాయంత్రం కూతకొస్తవా?" అని అడిగాడు.

"నాకు గొర్లున్నయన్నా."

"గొర్లను తోలుకొనే రా."

అట్లాగే వచ్చాడు. మందను కంపచెట్ల వెనుక నిలిపి, చెప్పులు వాటి దగ్గరే వదిలి, గీత దాటాడు. ఆ సాయంత్రం మా వాడ వాళ్ళను ఏడుగురికి ఏడుగురినీ తాకి వచ్చాడని మా పెద్దోడు అన్నం తింటూ మూడుసార్లు చెప్పాడు.

వాడి కూత బయటికి వినిపించేది కాదు. మిగతావాళ్ళు గొంతు చించుకుని అరుస్తూ పోయేవాళ్ళు. వీడు ఈనే గొర్రె పక్కన కూర్చుని దానితో మాట్లాడుతున్నట్టు, లోలోపల, ఒకే తీరుగా. అంపైరు నడుం వంచి చెవి పెట్టి వినాల్సి వచ్చేది. అవతలి జట్టు వాళ్ళు కూడా వినడానికి అర అడుగు ముందుకు వంగేవాళ్ళు. ఆ అర అడుగే వాడికి కావలసింది.

"ఏడుగురిని చూడొద్దవ్వా" అని ఒకసారి నాకు చెప్పాడు, నేను అడగకపోయినా. "అండ్ల ఎవడు బెదిరిండో చూస్తె సాలు. వాని దిక్కు పోతె తతిమ్మ ఆరుగురు వాణ్ణే చూస్తరు, నన్ను చూడరు. గొర్లు గుడ గంతే."

తన వంతు రాకముందు గీత పక్కన ఒంటికాలి మీద నిలబడేవాడు. కుడి పాదం ఎత్తి ఎడమ మోకాలికి ఆనించి, కర్ర లేకపోయినా కర్ర మీద చెయ్యి వేసినట్టే వేసి. మంద కాసేవాళ్ళు గంటల తరబడి అట్లాగే నిలబడతారు. మొదట అందరూ నవ్వారు. ఏడాది తిరిగేసరికి మా వాడ పిల్లలంతా బడి ముందు, బోరింగు ముందు, ఎక్కడ నిలబడినా ఒంటికాలి మీదే నిలబడుతున్నారు.

గెలిచిన జట్టుకు పొట్టేలు ఇచ్చేవాళ్ళు. వాడు దాన్ని తీసుకోగానే పెదవులు విప్పి పండ్లు చూసేవాడు. "ఇది ఇంక పిల్లనే. దీన్ని ఎట్ల కోయబుద్ధయితదిరా మీకు" అని అందరి ముందే తిట్టేవాడు. రాత్రికి వాడంతా కూర వండుకునేది, వాడు తినేవాడు కాదు. మా పెద్దోడు ఎగతాళి చేస్తే, "మా ఇంట్ల గొర్లే, మీరిచ్చేది గొర్రే. ఒక్కపారన్న చీర పెట్టుండ్రే, మా అమ్మ సంబురపడ్తది" అనేవాడు. చీరలు నేసే వాడలో ఎవరికీ ఆ మాట తలకెక్కలేదు. నాకు కూడా.

ఆట అయ్యాక మా అరుగు మీద కూర్చునేవాడు. అన్నం వార్చిన గంజి నేను పారబోయను. కొంత దారానికి, మిగిలింది ఎవరు తాగితే వాళ్ళకు. వాడికి ఒక చెంబు పోసేదాన్ని, ఇంత ఉప్పు వేసి. తాగి, చెంబు కడిగి, గోడ మీద బోర్లించి పోయేవాడు. ఎవరూ చెప్పకుండా. నాకు నచ్చిన మనుషులు తక్కువ. ఆ బోర్లించిన చెంబు చూసి వాణ్ణి అందులో చేర్చుకున్నాను.

మూడేళ్ళు మా ఊరు ఎక్కడికి పోతే అక్కడ గెలిచింది. మా పెద్దోడి ఫోను తెరిస్తే మొదట వాడి బొమ్మే, పెళ్ళాం పిల్లల బొమ్మ తర్వాత. మంగలి కూడా వాణ్ణే కూర్చోబెట్టి ముందు వచ్చినవాళ్ళను ఆగమనేవాడు. వాడలో పుట్టిన ఇద్దరు మగపిల్లలకు వాడి పేరు పెట్టారు. వాళ్ళలో ఒకడి పేరు తర్వాత బడిలో మార్పించారు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మగ్గానికి అమావాస్య సెలవు. ఆ రోజు మేము దారం మోసుకుని అటూ ఇటూ తిరిగే నాడె పట్టం. మా అత్త పట్టలేదు, ఆమె అత్త పట్టలేదు. నెలకు ఒక్క రోజు కాళ్ళకు తొక్కుడు లేదు, వాడలో చప్పుడు లేదు. ఆడవాళ్ళు తలలు దువ్వుకుంటారు, మగవాళ్ళు రచ్చకట్ట మీద కాళ్ళు చాచుకుంటారు. చూడడానికి అందరికీ తీరిక ఉండేది ఆ రోజే కాబట్టి పందేలన్నీ అమావాస్య నాడే పెట్టేవాళ్ళు. వాడికి మాత్రం గొర్రెలకు ఏ తిథీ లేదు. పొద్దంతా వాటి వెనుక తిరిగి, సాయంత్రం గీత దాటాలి. మా కాళ్ళు ఆగిన రోజునే వాడి కాళ్ళు రెండింతలు పనిచేసేవి. మూడేళ్ళు కళ్ళ ముందు జరిగినా ఇది నాకు కనిపించలేదు. వాడు చెప్తేనే కనిపించింది.

జట్టుకు పెద్ద నూలు సేటు. మా వాడకు నూలు ఇచ్చేది ఆయనే. ఆయన నూలు ఆపితే మగ్గం ఆగుతుంది, కాబట్టి ఆయన ముందు నోరు తెరిచే మగవాడు మా వాడలో లేడు. ఎవరితో ఆడాలో, ఎక్కడ ఆడాలో, ఎవరు కూతకు పోవాలో, ఎవరు కూర్చోవాలో అంతా ఆయన చెప్పినట్టే. అమావాస్యలు చాలక జాతరలకు కూడా ఆటోల్లో ఎక్కించి పంపడం మొదలుపెట్టాడు. వాడు పోని చోటికి జట్టును పిలిచేవాళ్ళు కూడా కాదు.

నాలుగో ఏడు ఒక జాతరలో వాడి కుడి మోకాలు మెలిపడింది. నెల రోజులు లాగాడు. తర్వాత ఒక సాయంత్రం మా అరుగు మీదే, సేటు కుర్చీలో కూర్చుని ఉండగా, మా పెద్దోడు, ఇంకో పది మంది ఉండగా అడిగాడు.

"రెండు అమాసలు నన్ను ఇడిసిపెట్టుండ్రి సేటూ. మోకాలు లోపల్నుంచి కటకటమంటాంది."

"అందరికీ అంటది. జర నూనె రాయి."

"రాసిన. బొక్కల డాక్టరు ఆడొద్దన్నడు."

"ఆ డాక్టరు ఎన్నడన్న కబడ్డీ ఆడిండా?"

అందరూ నవ్వారు. వాడు కూడా కొంచెం నవ్వి, నవ్వు ఆగేదాకా ఉండి, "ఆడలే. అయినా కాలు నాది గద. ఏ ఆట ఆడాల్నో ఏది ఇడవాల్నో ఇగ సంది నేనే చెప్త" అన్నాడు.

కాలు నొస్తుందన్నందుకు ఎవరికీ కోపం రాలేదు. "నేనే చెప్త" అన్నందుకు వచ్చింది. సేటు కుర్చీలో ముందుకు జరిగాడు.

"జట్టు నాది. నువ్వు కూత కూసేటోనివి. చెప్పుడు నా పని."

"అయితె కూత గుడ నువ్వే కుయ్యి సేటూ" అన్నాడు వాడు. గంజి పూర్తిగా తాగాడు. చెంబు కడిగి బోర్లించాడు. పోయాడు.

"చూసినవా అమ్మా, ఎంత బలుపో" అన్నాడు మా పెద్దోడు. "గొర్లు కాసుకునేటోణ్ణి మనిషిని చేసింది ఎవరు? మనం గాదా?"

"మీరు చేసింది ఏమున్నదిరా, చప్పట్లు కొట్టిండ్రు" అన్నాను. నేను వాడి పక్షాన గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే. అది కూడా ఇంట్లో, తలుపు వేసి ఉండగా.

వాడు లేకుండా రెండు అమావాస్యలు మావాళ్ళు ఓడారు. ఓడినప్పుడల్లా సేటును ఎవరూ ఏమీ అనలేదు. హుజూర్‌నగర్ దాటాక ఒక ఊరి జట్టు ఉంది, మాకు పోటీగా ఎప్పుడూ వాళ్ళే. వాడు ఎవరిదో బండి వెనుక కూర్చుని ఆ దిక్కు పోతుంటే చూశానని ఒకడు చెప్పాడు, అంతే, వాళ్ళకు అమ్ముడుపోయాడన్నారు. వాడు పోయింది కట్టు కట్టే వైద్యుడి దగ్గరికి. వాళ్ళమ్మ నాకు చెప్పింది. నేను మా పెద్దోడికి చెప్పాను. "నీకేం తెలుసమ్మా, ఫోన్ల అందరూ రాస్తున్నరు" అన్నాడు. ఫోనులో ఏం రాశారో నాకు చదివి వినిపించాడు కూడా. ఎప్పుడో పోయిన వాడి నాయన చావును కూడా ఆ రాతల్లోకి లాగారు.

రెండోసారి ఓడిన తర్వాత మూడో వారం వాడి పసుపు బనీనును ఒక మేకపోతుకు తొడిగారు. ముందు కాళ్ళు చేతుల్లో దూర్చి, మెడలో పాత చెప్పులు వేసి, డప్పుతో వాడంతా తిప్పారు. "అన్నా, హుజూర్‌నగర్ బస్సు ఎన్ని గంటలకే?" అని మేకను అడుగుతూ. మేక బెదిరి మా గోడ పక్కనే పెంటికలు వేసింది. పిల్లలు పడి పడి నవ్వారు. గొర్లోళ్ళ గూడెం దాకా పోయి, వాళ్ళ గుడిసె ముందు డప్పు కొట్టి వచ్చారు. వాళ్ళమ్మ బయటికి వచ్చి, మేకను చూసి, దాని మెడలో చెప్పులు తీసి, దానికి నీళ్ళు పెట్టిందట. ఇది మా పెద్దోడు చెప్పాడు. వాడూ పోయాడన్నమాట. అప్పుడు కూడా నేను వాణ్ణి అన్నం తినమనే అన్నాను.

తర్వాతి అమావాస్యకు ఆ ఏటి పందేల్లో ఆఖరి ఆట, మా ఊళ్ళోనే, ఆ హుజూర్‌నగర్ దిక్కు జట్టుతోనే. ముందు రోజు మిట్టమధ్యాహ్నం వాడు మా ఇంటికి వచ్చాడు. గోడ పట్టుకుని అరుగు ఎక్కాడు. నేను మగ్గం మీద ఉన్నాను. మా పెద్దోడు, సేటు దగ్గర పనిచేసే ఇద్దరు బయట గోడకు ఆనుకుని నిలబడ్డారు, లోపలి మాట వినబడేంత దూరంలో.

వాడు లుంగీ మోకాలు పైకి జరిపాడు. ముంతంత వాచి ఉంది. చేయి వేసి చూశాను, కాలుతోంది. మెల్లగా వంచితే లోపల ఏదో జారి మళ్ళీ చోటికి వచ్చినట్టు నా వేళ్ళకు తెలిసింది. పసుపు, సున్నం కలిపి పట్టు వేసి, మగ్గం మీద మిగిలిన కోర బట్టతో కట్టాను. అంతసేపూ వాడు పళ్ళు బిగించుకుని నా మగ్గం దిక్కే చూశాడు.

"నువ్వు చెప్పవ్వా. ఆడాల్నా, వద్దా?"

"నన్నెందుకు అడుగుతున్నవు?"

"ఆడకుంటె ఊర్ల తిరగనియ్యరు. అమ్మ నీళ్ళకు పోతె గుడ అంటున్నరు. ఆడితె కాలు ఉంటదో ఉండదో. ఎండలు ముదిరితె మందను కృష్ణ ఒడ్డుకు తోలాలె. ఆడ గడ్డి లేకుంటె అమ్రాబాద్ అడివి దాక నడవాలె. నాయిన లేడు. కాలు పోతే గొర్ల ఎనుక ఎవరు నడుస్తరవ్వా?"

వాడు అడిగింది ఇంత తేటగా అడిగాడు. నాకు అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు.

"పెద్దోడు కడుపుల ఉంటె తొమ్మిది నెలలు నిండినంక గుడ నేను మగ్గం తొక్కిన" అన్నాను. "జరం వచ్చినా తొక్కిన. నలభై ఏండ్లు. నా కాళ్ళు గుంజుతున్నయని ఎవలకన్న చెప్పిన్నా?"

"మీ మగ్గానికి అమాసకు సెలవుంటది గదవ్వా. నా కాలుకు ఏ అమాస లేదా?"

జవాబు దొరకనప్పుడు నాకు కోపం వస్తుంది. నా మొగుడు బతికున్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

"నాలుగేండ్లు మా ఇంటి గంజి తాగినవు" అన్నాను. "ఒక్క ఆట ఆడు. ఆడి ఇడిసిపెట్టు."

ఎట్లాగూ ఎవరో ఒకరికి పోసే గంజి అది. దాన్ని వాడి మీద బాకీ కింద వేశాను. గోడ అవతల మావాళ్ళు వింటున్నారని నాకు తెలుసు. సేటు చెప్పినా వినని వాడు, ఊరంతా తిట్టినా లొంగని వాడు, నా ఒక్క మాటకు దిగివస్తే వాడలో నా పేరు ఎట్లా ఉంటుందో కూడా ఆ నిమిషంలో నా మనసులోకి వచ్చింది. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

వాడు కట్టు మీద అరచేయి పెట్టుకున్నాడు. "సరే అవ్వా" అన్నాడు. ఆ రోజు కూడా చెంబు కడిగే పోయాడు.

మర్నాడు వాడలో మగ్గాలన్నీ ఆగాయి. నేను పీట తెచ్చుకుని గోడ పక్కన కూర్చున్నాను. వాడు పసుపు బనీనుతో గీత దగ్గరికి వచ్చాడు. అది మేకకు తొడిగినదేనా, వేరేదా, నాకు తెలియదు. కొందరు ఈలలు వేశారు, ఎక్కువమంది వెక్కిరించారు. ఆ రోజు వాడు రెండు కాళ్ళ మీదే నిలబడ్డాడు. ఆరుసార్లు కూతకు పోయి ఆరుసార్లు తిరిగి వచ్చాడు. అయిదోసారికి వెక్కిరింతలు ఆగిపోయాయి. ఆరోసారికి మా పెద్దోడు పైన తువ్వాల తీసి తిప్పుతున్నాడు, వాడి పేరు పెట్టి అరుస్తున్నాడు. వాడి మీద ప్రాణమున్నట్టే ఉన్నాడు.

ఏడోసారి, ఆట ముగిసే ముందు, ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగాడు. ఇంక రెండడుగులు. అవతలివాడు పడి కాలు పట్టాడు, ఆ కుడి కాలే. తప్పు పట్టు కూడా కాదు, ఆటలో ఎవరైనా పట్టేదే. కట్టు ఊడింది. వాడు ముందుకు పడి చెయ్యి చాపాడు. వేళ్ళకు, గీతకు మధ్య జానెడు. కూత ఆగింది. ఒక్క పాయింటుతో ఓడాం.

వాడు లేవలేదు. అప్పుడు వెనుక నుంచి ఒక గొంతు, "కావాల్నని పడ్డడురా" అన్నది.

ఆ ఒక్క మాట చాలింది. "అమ్ముడుపోయిండు." "కాలు నొప్పి అనుకుంట మూడు నెలల సంది నాటకం చేస్తనే ఉన్నడు." "లేవరా, ఇగ ఆట అయిపోయింది, ఎవల కోసం పండినవు?" మొదటి చెప్పు ఎవరు విసిరారో నాకు తెలుసు. ఫ్లెక్సీ మీద సేటు పక్కనున్న గుండ్రంలో ఉన్నాడు. కింద పడ్డవాడు మోకాలు రెండు చేతులతో పట్టుకుని పక్కకు ఒరిగి, నా గోడ దిక్కు చూశాడు. ఒకవేళ చూడలేదేమో. నాకు చూసినట్టే ఉంది.

మా వాడలో నా నోటికి అందరూ భయపడేవాళ్ళు. నేను లేచి, "నిన్న నేనే చేత్తో పట్టి చూసిన, వాచి ఉన్నది, ఆడుమన్నది నేనే" అంటే ఆ చెప్పులు ఆగేవి. అంతా కాకపోయినా సగం ఆగేవి. నేను లేచాను. పీట చంకలో పెట్టుకుని ఇంట్లోకి పోయాను.

గొర్లోళ్ళ గూడెం నుంచి మంచం తెచ్చారు. వాళ్ళమ్మ ముందు నడిచి వచ్చిందట. ఎవర్నీ తిట్టలేదు, శాపం పెట్టలేదు. "గెలిచిననాడు మీ బిడ్డనే అంటిరి గద. ఓడిండు, ఇగ నా బిడ్డ. జరుగుండ్రి, తీస్కపోత" అన్నదట. జరిగారు.

మోకాలు మళ్ళీ వంగలేదు. ఆ ఎండాకాలం మంద కృష్ణ ఒడ్డుకు పోలేదు. తెలిసినవాళ్ళ మందలతో కలిపి కొన్ని పంపారు, కొన్ని అమ్మారు, వానల నాటికి గుడిసె ముందు దొడ్డి ఖాళీ. వాడు నల్లగొండలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కుదిరాడు, బండ్లు ఎక్కడ పెట్టాలో చెయ్యి చూపించే పని. పండక్కి ఊరికి వస్తే, ఒకప్పుడు వాడిలాగా ఒంటికాలి మీద నిలబడిన పిల్లలే వాడి వెనుక కుంటుకుంటూ నడిచేవాళ్ళు. సేటు అదే ఏడు వేరే ఊరి నుంచి ఇంకో కూతగాణ్ణి తెచ్చాడు. వాడికీ పసుపు బనీనే.

నేను వాణ్ణి చివరిసారి చూసింది పోయిన ఏడు. మా మగ్గం విప్పి అటక మీద పెట్టేశాం, అప్పటికి నా ఎడమ మోకాలు మెట్టు ఎక్కనివ్వడం లేదు. నల్లగొండలో బొక్కల డాక్టరు దగ్గరికి పోయాను. బస్సు చార్జీ దండగని పెద్దోణ్ణి తీసుకుపోలేదు. వరండాలో బెంచీ నిండా జనం. గోడ పక్క నుంచి ఒకడు లేచి, "అవ్వా, ఈడ కూసో" అన్నాడు. ముఖం లావెక్కింది, జుట్టు పలచబడింది. గొంతుతో గుర్తుపట్టాను.

వద్దన్నాను. నిలబడలేక కూర్చున్నాను. వాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏ కాలు అవ్వా?"

"ఎడమది."

"నాది కుడిది. ఇద్దరినీ కలిపి కుడితె ఒక మంచి మనిషి అయితడు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వాడు ఎప్పుడూ అంతే, ముందు పక్కవాళ్ళను నవ్వించేవాడు.

మా పెద్దోడి సంగతి, వాళ్ళమ్మ కంటి ఆపరేషన్ సంగతి మాట్లాడుకున్నాం. ఇంక మాట్లాడడానికి ఏమీ లేకపోయాక, అన్నేళ్ళు నా లోపల ఉన్నది బయటికి వచ్చింది.

"ఆనాడు నా మాట ఎందుకు విన్నవు కొడుకా? సేటు చెప్తె వినలే. ఊరంత తిడితె వినలే. నా మాట ఎందుకు విన్నవు?"

తప్పు నాదేనని వాడి నోటితో అనిపించుకుందామనే అడిగాను. అంటే తిట్టించుకుని ఇంటికి పోవచ్చు. వాడు మోకాలు రుద్దుకుంటూ ఆలోచించాడు, నిజంగా గుర్తు చేసుకుంటున్నట్టు.

"ఊరోళ్ళు ఆడు ఆడు అన్నరు. వాళ్ళెవరూ కాలు చూడలే అవ్వా. నువ్వు చూసినవు. చేత్తో పట్టి, వంచి చూసినవు. చూసినామెనే ఆడుమన్నదంటె మరీ అంత పెద్దదేం కాదు కావచ్చు అనుకున్న."

అంతే అన్నాడు. ముఖంలో కోపం లేదు, దెప్పడం లేదు. అడిగినదానికి చెప్పాడు.

లోపలి నుంచి కాంపౌండరు నంబరు పిలిచాడు. అది వాడి నంబరు. వాడు తన చీటీ చూసుకుని, నా చేతిలోది కూడా చూసి, "నీకు ఇంకా పద్దెనిమిది మంది ఉన్నరు. నువ్వు పో అవ్వా, నేను మల్ల పోత" అని తన చీటీ నా చేతిలో పెట్టాడు.

తీసుకున్నాను. లోపలికి పోయి డాక్టరుకు నా మోకాలు చూపించాను.